మొహమాటం ఇంట్లో పెట్టి బయలుదేరండి: కర్నూలు కుటుంబానికి హైదరాబాదు ఫైన్ డైనింగ్ భోజనం

కుటుంబంతో బయట తినడమంటే కర్నూలులో మనకు అలవాటైన వరస ఒకటుంది. వెళ్లి కూర్చుంటాం. సర్వర్ ఉన్నవన్నీ ఒక్క గుక్కలో చదువుతాడు. బిర్యానీలు ఎన్నో చెబుతాం, కాసేపట్లో వచ్చేస్తాయి, తిని చేయి కడుక్కొని సోంపు నోట్లో వేసుకొని బయటపడతాం. హైదరాబాదులోని పెద్ద హోటళ్ల రెస్టారెంట్లలో ఈ వరస పనిచేయదు. అక్కడ భోజనం రెండు గంటలు, ఒక్కోసారి మూడు గంటలు సాగుతుంది. బల్ల మీద ఏది ఎందుకుందో తెలియదు, మెనూలో సగం పేర్లు నోరు తిరగవు, ధరలు చూస్తే గుండె జారుతుంది.

అయినా అమ్మానాన్నల షష్టిపూర్తికో, పెళ్లిరోజుకో, పిల్లల మొదటి జీతానికో ఒక్కసారి అలాంటి చోట తినాలని డబ్బు దాచుకునే ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. డబ్బు కుదిరాక కూడా వెనక్కి లాగేది మొహమాటం. అడగవలసింది అడగం, వద్దనవలసింది వద్దనం, తీరా బిల్లు వచ్చాక ముఖముఖాలు చూసుకుంటాం. అక్కడి మెనూలో అన్నిటికన్నా ఖరీదైనది ఈ మొహమాటమే అని నా అభిప్రాయం. కాబట్టి ఏ దశలో ఎవరిని ఏమడగాలో చెప్పడమే ఇక్కడ ముఖ్యమైన పని, మిగతాది ఎవరికి వారు నేర్చుకోగలిగేదే.

మొదటి పని: ఎవరి కోసం వెళ్తున్నారో తేల్చుకొని చోటు ఎంచుకోండి

"ఏది మంచి రెస్టారెంటు" అని వెతకడం మొదలుపెడితే తెగదు. ఆ రోజు ఎవరి సంతోషం కోసం వెళ్తున్నారో ముందు అనుకోండి. అరవై దాటిన తల్లిదండ్రుల కోసమైతే భారతీయ వంటల రెస్టారెంటే సరైనది. వాళ్లను తీసుకెళ్లి ఇటాలియన్ రిసోటో ముందు కూర్చోబెడితే "ఉడికీ ఉడకని పెరుగన్నం" అంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. కొత్తగా పెళ్లయినవాళ్లు, ఊళ్లు తిరిగిన పిల్లలు వెళ్తుంటే జపనీస్, ఇటాలియన్ ఏదైనా ప్రయత్నించవచ్చు.

హైదరాబాదులో భవనం కూడా భోజనంలో భాగం కావాలంటే ఫలక్‌నుమా ప్యాలెస్‌లోని అదా రెస్టారెంటు ఉంది. నిజాముల కొలువులో పెద్ద జాగీర్దార్లైన పాయగా వంశానికి చెందిన వికార్ ఉల్ ఉమ్రా కట్టించిన ఆ భవనం తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. తాజ్ సంస్థ దాన్ని బాగుచేసి 2010లో హోటలుగా తెరిచింది. ఒకేసారి 101 మంది కూర్చోగల భోజనాల బల్ల ఉన్నది ఆ భవనంలోనే. అదాలో హైదరాబాదీ వంటలు దొరుకుతాయి. బుకింగ్ లేకుండా గేటు దాటి లోపలికి పోనివ్వరు, "ఒకసారి చూసి వస్తాం" అంటే కుదరదు.

మాంసాహారం ఇష్టపడే పెద్దవాళ్లు ఉంటే హైటెక్ సిటీ వైపున్న ఐటీసీ కోహెనూర్‌లోని దమ్ పుఖ్త్ బేగమ్స్ బాగుంటుంది. పాత్ర మూతిని పిండితో మూసి, సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించే అవధ్ (లక్నో ప్రాంతపు) పద్ధతి అది. ఆ పద్ధతిని ఐటీసీ హోటళ్లలో నిలబెట్టిన ఇంతియాజ్ ఖురేషీకి 2016లో పద్మశ్రీ వచ్చింది. బేగంపేటలోని ఐటీసీ కాకతీయలో రెండున్నాయి. ఒకటి దక్షిణాది రాష్ట్రాల వంటలు పెట్టే దక్షిణ్. రెండోది వాయవ్య సరిహద్దు తందూరీ వంటల పెషావరీ. ఫోర్కు, నైఫు అంటే బెదిరే కుటుంబానికి మొదటిసారి నేను చెప్పేది పెషావరీయే. అక్కడ చేత్తో తినడమే పద్ధతి. బట్టల మీద పడకుండా మెడకు కట్టుకోవడానికి ఒక ఏప్రన్ కూడా వాళ్లే ఇస్తారు. రాత్రంతా బొగ్గుల సెగ మీద ఉంచే నల్ల మినుముల పప్పు ఒక్కటి చాలు, శాకాహారులు కూడా నిరాశపడరు.

అనంతపురం వాళ్లకు హైదరాబాదుకన్నా బెంగళూరు దగ్గర. వాళ్లకు రెసిడెన్సీ రోడ్డులో 1990లో మొదలైన కరావళి ఉంది. కేరళ, మంగళూరు, గోవా తీరపు ఇంటి వంటలకు పేరు పొందింది. ఎండు నేల మీద పుట్టిన మనకు చేప, రొయ్య, పీత అంత తాజాగా తినడం నిజంగానే పండగ. కడప వాళ్లు చెన్నై వైపు వెళ్తే ఐటీసీ గ్రాండ్ చోళాలోని అవర్తనను గుర్తుపెట్టుకోవచ్చు. 2017లో మొదలైంది. మన రసం, మన పెరుగన్నం, మన అప్పడం అక్కడ కొత్త వేషాల్లో వస్తాయి. మామూలు భోజనం ఆశించి వెళ్లేవాళ్లకు మాత్రం అది నచ్చకపోవచ్చు.

ఒక మాట. ఇంత దూరం వెళ్లి బిర్యానీ ఒక్కటే తెప్పించుకొని రావద్దు. మంచి బిర్యానీ ఇంకా చాలా చోట్ల, చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. ఇంట్లో, మామూలు హోటల్లో కుదరని వంట కోసం వెళ్లండి.

రెండో పని: డబ్బు లెక్క ఇంట్లోనే వేసుకోండి

ఈ రెస్టారెంట్లలో చాలావాటి మెనూలు ధరలతో సహా హోటల్ వెబ్‌సైటులోనో, జొమాటో, స్విగ్గీ లాంటి యాప్‌లలోనో కనిపిస్తాయి. యాప్‌లలోని ఫోటోలు పాతవై ఉండవచ్చు కనుక తేదీ చూసుకోండి. ఇంట్లో కూర్చొని ఒక కాగితం మీద స్టార్టర్లు, కూరలు, రొట్టెలు, తీపి అన్నీ రాసి కూడండి. అలా కూడితే వచ్చేది బిల్లులో చివరి అంకె కాదు, అక్కడే చాలామంది లెక్క తప్పుతుంది.

మెనూ అడుగున చిన్న అక్షరాల్లో "పన్నులు అదనం" అని ఉంటుంది. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. రోజుకు 7,500 రూపాయలకన్నా ఎక్కువ ధరకు గదులిచ్చే హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. ఫైవ్ స్టార్ హోటళ్లు దాదాపు అన్నీ ఈ రెండో రకంలోకే వస్తాయి. మెనూ ధరల ప్రకారం పది వేలు అయితే 18 శాతంతో 11,800 కట్టాలి. దానికి తోడు సర్వీస్ చార్జీ 10 శాతం వేశారనుకోండి, ముందు పదివేలు పదకొండు వేలవుతుంది, పన్ను ఆ మొత్తం మీద పడి 12,980 అవుతుంది. కాగితం మీద పదివేలనుకొని వెళ్లినవాళ్లు దాదాపు మూడు వేలు అదనంగా ఇచ్చి వస్తారు.

సర్వీస్ చార్జీ గురించి ధైర్యంగా ఉండండి. అది ప్రభుత్వ పన్ను కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. హోటళ్లు, రెస్టారెంట్లు దాన్ని బిల్లులో వాటంతటవే కలపకూడదని, కట్టి తీరాలని బలవంతపెట్టకూడదని అందులో ఉంది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మార్గదర్శకాలను సమర్థించింది. బిల్లులో కనిపిస్తే "సర్వీస్ చార్జీ తీసేసి మళ్లీ బిల్లు ఇవ్వండి" అని మెల్లగా అడిగితే చాలు. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. సేవ నచ్చి కట్టదలచుకుంటే అది మీ ఇష్టం, అప్పుడు వేరుగా టిప్పు ఇవ్వనక్కర్లేదు.

నీళ్ల సంగతి చిన్నదే కానీ చికాకు పెట్టేది. కూర్చోగానే "మామూలు నీళ్లా, మినరల్ వాటరా, స్పార్క్‌లింగా" అని అడుగుతారు. మొహమాటపడి "మినరల్" అంటే ఆరుగురికి మూడు నాలుగు సీసాలు తెరుచుకుంటాయి. సీసా మీద ముద్రించిన ధరే తీసుకోవాలి కదా అని వాదించి లాభం లేదు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు, రెస్టారెంట్లు అంతకన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. "ఫిల్టర్ నీళ్లు ఇవ్వండి" అంటే ఇస్తారు, దానికి ధర ఉండదు. స్పార్క్‌లింగ్ అంటే గ్యాసు నింపిన నీళ్లు, మన సోడాకు దగ్గరి చుట్టం. అన్నంతో తాగేది కాదు.

మొత్తం లెక్క భారం అనిపిస్తే రాత్రి కాకుండా మధ్యాహ్నం వెళ్లండి. చాలా చోట్ల మధ్యాహ్నం సెట్ మెనూ ఉంటుంది. రెండు మూడు వంటలు కలిపి ఒకే ధర, అది విడిగా తెప్పించుకునే దానికన్నా తక్కువ. కొన్ని రెస్టారెంట్లు మధ్యాహ్నం తెరవవు, కొన్ని వారంలో ఒక రోజు మూసివేస్తాయి, ఇదంతా ఫోనులో తెలుస్తుంది. ఆదివారం బ్రంచ్ అని ప్రకటనల్లో కనిపించేది బఫే. అది వేరే సరదా. వడ్డన, తీరుబడి కావాలనుకుంటే దాని జోలికి పోకండి. ఫిబ్రవరి 14, డిసెంబరు 31 లాంటి రోజుల్లో మామూలు మెనూ పక్కనపెట్టి తలకింత అని వసూలు చేయడం ఎక్కువ, ఆ రోజులు మానేయండి.

మూడో పని: ఫోను చేసి అడగండి

యాప్‌లో బల్ల బుక్ చేయవచ్చు. కొన్నిసార్లు తగ్గింపు కూడా వస్తుంది, అది ఏ రోజుకు, ఏ మెనూకు వర్తిస్తుందో చూసుకోండి. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లు ఫోను చేయడమే మేలు. అడగందే అమ్మయినా పెట్టదని సామెత, వీళ్లు మాత్రం అడిగినవాళ్లకు చాలా పెడతారు. ఇంగ్లీషు రాదని వెనకాడకండి. "తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటే ఇవ్వండి" అంటే హైదరాబాదులో తప్పకుండా ఎవరో ఒకరు దొరుకుతారు.

సంభాషణ ఇలా ఉంటే చాలు: "నమస్కారమండీ. మేము కర్నూలు నుంచి వస్తున్నాం. ఫలానా తేదీ మధ్యాహ్నం ఒంటిగంటకు ఆరుగురికి బల్ల కావాలి. మా నాన్నగారి షష్టిపూర్తి. ఇద్దరు శాకాహారులు, గుడ్డు కూడా తినరు. అమ్మకు మోకాళ్ల నొప్పి, మెట్లు లేని దారి ఉందా? కారు దిగిన చోటి నుంచి ఎంత దూరం నడవాలి?" చివర్లో రెండు ప్రశ్నలు మరచిపోవద్దు. మేము ఆలస్యమైతే బల్ల ఎంతసేపు ఉంచుతారు? ముందుగా డబ్బు కట్టాలా, కడితే రద్దు చేసుకున్నప్పుడు వెనక్కి వస్తుందా?

సందర్భం చెప్పడం గొప్ప కోసం కాదు. పుట్టినరోజో పెళ్లిరోజో అని ముందే తెలిస్తే చాలా చోట్ల చిన్న కేకో, తీపి పళ్లేం మీద చాక్లెట్‌తో రాసిన శుభాకాంక్షలో వాళ్లే తెస్తారు. మీరే కేకు తీసుకెళ్లాలనుకుంటే అనుమతి ఉందా, కోసి వడ్డించడానికి డబ్బు తీసుకుంటారా అని అడగండి.

శుద్ధ శాకాహారులు ఇంకొంచెం వివరంగా చెప్పాలి. పాశ్చాత్య వంటల్లో తీపి పదార్థాల్లో గుడ్డు, కొన్ని జెల్లీల్లో, క్రీముల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్, కొన్ని సాసుల్లో వైను ఉంటాయి. పార్మిజాన్ చీజు తయారీలో దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు. మెనూలో ఆకుపచ్చ గుర్తు ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఇవన్నీ అడిగి తెలుసుకోండి. ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్లుంటే "జైన్ వంట కావాలి" అనండి, వంటగదిలో ఆ ఒక్క మాటతో పని జరిగిపోతుంది. వేరుశనగ, రొయ్యలు లాంటివి పడనివాళ్లు ఉంటే అది అలవాటు సంగతి కాదు, ప్రాణం సంగతి. ఫోనులో ఒకసారి, బల్ల దగ్గర ఇంకోసారి చెప్పండి.

బట్టలు, ప్రయాణం

బట్టల గురించి ఎక్కువ ఆలోచించకండి. మగవాళ్లు ప్యాంటు, కాలరున్న చొక్కా, మూసిన బూట్లు. షార్టులు, రబ్బరు చెప్పులు వద్దు. పట్టుచీర ఎక్కడికైనా సరిపోతుంది. ధోవతి కట్టుకునే పెద్దవారిని మార్చుకోమనకండి, అనుమానముంటే ఫోనులోనే అడిగేయండి. గదిలో ఏసీ గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్లకు ఒక శాలువా పెట్టుకోండి.

కర్నూలు నుంచి హైదరాబాదు 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 215 కిలోమీటర్లు. దారిలో నాలుగు గంటలు అనుకోండి, ఊళ్లోకి దిగాక ఇంకో గంట చేతిలో ఉంచుకోండి. ఫలక్‌నుమాకు వెళ్లేవాళ్లు శంషాబాదు దాటి ఆరాంఘర్ చౌరస్తా దగ్గర చాంద్రాయణగుట్ట వైపు కుడికి తిరిగితే నగరం మధ్యలోకి పోనక్కర్లేదు. హైటెక్ సిటీ వైపు వెళ్లేవాళ్లు శంషాబాదు దగ్గరే ఔటర్ రింగు రోడ్డెక్కి గచ్చిబౌలిలో దిగడం మేలు. దారిలో టిఫిను తేలిగ్గా కానివ్వండి. ఉదయం ఉగ్గాని, బజ్జి కడుపునిండా తిని వెళ్లి అక్కడ "ఆకలి లేదు" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పెద్ద హోటల్ గేటు దగ్గర కారు డిక్కీ తెరిచి చూస్తారు, బ్యాగులు స్కానింగు యంత్రంలో పెట్టమంటారు. అందరికీ అంతే, మిమ్మల్ని అనుమానించి కాదు. కారు తాళం వాలే మనిషికి (కారును తీసుకెళ్లి నిలిపే హోటల్ మనిషికి) ఇచ్చి చీటీ తీసుకోండి. విలువైనవి కారులో ఉంచకండి.

కూర్చున్నాక మొదటి పది నిమిషాలు

వాకిట్లో ఉన్నవాళ్లకు బుకింగ్ ఎవరి పేరు మీద ఉందో చెప్పండి, వాళ్లే బల్ల దగ్గరికి తీసుకెళ్తారు. తలుపు దగ్గరో, వంటగది దారిలోనో కూర్చోబెడితే, ఇంకో బల్ల ఖాళీగా ఉంటే "అక్కడ కూర్చోవచ్చా" అని అడగండి. కూర్చున్నాక మారడంకన్నా కూర్చోకముందే అడగడం తేలిక.

బల్ల మీది నేప్కిను ఒడిలో పరచుకోండి. మధ్యలో లేస్తే కుర్చీ మీద పెట్టండి, అంతా అయిపోయాక బల్ల మీద. దాన్ని తువ్వాలులా వాడి ముఖమంతా తుడుచుకోకూడదు, అంతకుమించి నియమం లేదు.

గుండ్రని పెద్ద బల్ల దగ్గర ఏ గ్లాసు ఎవరిదన్న గందరగోళం రావడం సహజం. మన విస్తరి దగ్గర కుడిచేయి ఎంగిలి కనుక నీళ్ల గ్లాసు ఎడమ పక్కన అలవాటు. అక్కడ దీనికి వ్యతిరేకం. మీ కుడి పక్కనున్న గ్లాసులు మీవి, ఎడమ పక్కనున్న చిన్న రొట్టె పళ్లెం మీది.

తెప్పించుకోకుండానే మొదట ఒక్క ముద్ద పరిమాణంలో ఏదో రావచ్చు. అది వంటవారి తరఫున, దానికి ధర ఉండదు. అలాగే పెద్ద భోజనాల్లో నడుమ గోలీ అంత పుల్లటి ఐస్ ఒకటి రావచ్చు. నోటి రుచి శుభ్రపడటానికి పెట్టేది అది, భోజనం అయిపోయిందనుకొని లేవకండి.

మెనూ చదవడం

మెనూలో పదార్థం పక్కన రెండు అంకెలు కనిపిస్తే కంగారుపడకండి. ఒకటి ధర, ఇంకొకటి కేలరీలు. ఆహార భద్రత నిబంధనల వల్ల పెద్ద సంస్థలు కేలరీలు చూపించాలి. రెండూ కలగలిపి చదివి "కబాబు 640కే వస్తోంది" అని సంబరపడిన తర్వాత అసలు ధర కంటపడితే పాపం.

మెనూ మూడు రకాలు. ఒక్కొక్కటి విడిగా ఎంచుకునేది ఆ లా కార్ట్. కొన్ని వంటలు కలిపి ఒకే ధరకు ఇచ్చేది సెట్ మెనూ. చెఫ్ తానే వరస నిర్ణయించి ఏడో తొమ్మిదో చిన్న వంటలను ఒకదాని తర్వాత ఒకటి పంపేది టేస్టింగ్ మెనూ. మామూలుగా బల్ల దగ్గరున్న అందరూ ఇదే తీసుకోవాలంటారు, రెండున్నర గంటలు పడుతుంది. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు టేస్టింగ్ మెనూ వద్దని గట్టిగా చెబుతాను. ఇద్దరే వెళ్తే మాత్రం అదే బాగుంటుంది, ఏది తెప్పించుకోవాలన్న తలనొప్పి ఉండదు.

మన విస్తరిలో పప్పు, కూర, పచ్చడి, పులుసు అన్నీ ఒకేసారి కళ్లముందుంటాయి, ఎవరి ముద్ద వాళ్లు కలుపుకొంటారు. ఇక్కడ ఒకటి తిన్నాక పళ్లెం తీసి ఇంకొకటి తెస్తారు. యూరపులోనూ ఇది అనాదిగా ఉన్నదేమీ కాదు. ఫ్రాన్సులో కూడా ఒకప్పుడు వంటలన్నీ బల్ల నిండా ఒకేసారి పరిచేవారు. వరసగా ఒక్కొక్కటి తెచ్చే రష్యా పద్ధతి అక్కడికి వచ్చి స్థిరపడింది 19వ శతాబ్దంలోనే. భారతీయ వంటల రెస్టారెంట్లలో మీకు కూర, రొట్టె, అన్నం కలిపి కావాలంటే "అన్నీ ఒకేసారి తెచ్చేయండి" అనవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఎంత తెప్పించుకోవాలన్నది పరిమాణం మీద ఆధారపడుతుంది. భారతీయ రెస్టారెంటులో ఒక కూర ఇద్దరికి వస్తుంది, పాశ్చాత్య రెస్టారెంటులో ఒక పళ్లెం ఒక్కరికే. ప్రతి పదార్థానికీ "ఇది ఎంతమందికి వస్తుంది, ఎన్ని ముక్కలుంటాయి" అని అడగండి. ఆరుగురు ఉంటే నాలుగు ముక్కల కబాబు చిక్కు తెస్తుంది. తగినట్టు ఆరు ముక్కలు చేయమంటే కొన్ని చోట్ల చేస్తారు, ఆ మేరకు ధర పెరుగుతుంది. ముందు కొంచెం తక్కువే చెప్పండి, చాలకపోతే మళ్లీ చెప్పవచ్చు. మనింట్లోలా "ఇంకొంచెం వేయించుకోండి" అని బతిమాలేవాళ్లు అక్కడ ఉండరు కనుక ఆ పని మీరే చేసుకోవాలి.

వడ్డించే మనిషి "ఇవాళ చెఫ్ ప్రత్యేకం" అంటూ మెనూలో లేనిది చెబితే ధర అడగండి. పీత, రొయ్య, లాబ్‌స్టర్ లాంటివాటి పక్కన ధర బదులు "మార్కెట్ ధర" అని రాసి ఉంటే మరీ తప్పకుండా అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగలేక బిల్లు చూసి నోరు తెరిచిన కుటుంబాలు ఉన్నాయి. అడిగినంత మాత్రాన చులకనగా చూసే మనిషి ఉంటే వాడికి ఆ ఉద్యోగం రాదన్నమాట. పెద్ద పెద్ద కార్లలో వచ్చినవాళ్లూ అడుగుతారు.

పిలిచేటప్పుడు చిటికెలు వేయడం, గట్టిగా అరవడం వద్దు. కళ్లు కలిపి చేయి కాస్త ఎత్తితే వస్తారు. కర్నూలు హోటళ్లలో సర్వర్‌ను "అన్నా" అంటాం. అక్కడ తెలుగు కుర్రవాడైతే ఆ మాటకే ముఖం విప్పారుతుంది. ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు కూడా చాలామంది ఉంటారు, వాళ్లకు హిందీ సరిపోతుంది.

కారం సంగతి. అక్కడి వంటలు మన నాలుకకు చప్పగా అనిపిస్తాయి. మొదటి రెండు ముద్దలు ఉన్నది ఉన్నట్టు తినండి. అవధ్ వంటల్లో కారంకన్నా వాసన, మెత్తదనం ముఖ్యం. పళ్లూడిన నవాబు కోసం పుట్టిందని చెప్పుకొనే గలౌటీ కబాబు అవ్వాతాతలకు చక్కగా సరిపోతుంది. అప్పటికీ సరిపడకపోతే పచ్చిమిరపకాయలు, నిమ్మబద్ద అడగండి, లేదనరు. చెనిక్కాయల పొడి మాత్రం చేతిసంచిలో తీసుకెళ్లకండి, బయటి తిండి లోపల తిననివ్వరు.

చేయా, ఫోర్కా

భారతీయ వంటలైతే నిశ్చింతగా చేత్తో తినండి. రొట్టెను ఫోర్కుతో పొడిచి నైఫుతో కోసేవాళ్లను చూసి మీరూ అలా చేయనక్కర్లేదు. అరచేతికి అంటకుండా వేళ్ల కొసలతో తినడం మన పెద్దలు నేర్పిందే. తిన్నాక గోరువెచ్చని నీళ్లు, నిమ్మబద్ద ఉన్న గిన్నె వస్తుంది, అందులో వేళ్లు ముంచి తుడుచుకోవాలి. అది సూపు కాదని పిల్లలకు ముందే చెప్పండి. పూర్తిగా చేయి కడుక్కోవాలనిపిస్తే లేచి వెళ్లండి.

పాశ్చాత్య వంటలైతే పళ్లేనికి రెండు పక్కలా వరసగా ఫోర్కులు, నైఫులు ఉంటాయి. బయటి చివరనున్న జతతో మొదలుపెట్టి ఒక్కో వంటకు ఒక్కో జత లోపలికి రండి. తినడం ఆపి మాట్లాడుతున్నప్పుడు రెండింటినీ పళ్లెంలో ఏటవాలుగా, దూరంగా పెట్టండి. అయిపోయాక పక్కపక్కనే సమాంతరంగా పెట్టండి. వడ్డించేవాళ్లు ఆ గుర్తు చూసే పళ్లెం తీయాలా వద్దా తేల్చుకుంటారు. చెంచా కింద పడితే వంగి తీయకండి, కొత్తది తెస్తారు.

స్టీకు (కాల్చిన మందపాటి మాంసం ముక్క) తెప్పించుకుంటే ఎంత కాల్చాలని అడుగుతారు. మనవాళ్లకు "వెల్ డన్" అన్నదే నప్పుతుంది, లోపల ఎర్రగా ఉంటే తినలేం. కాకపోతే అలా కాల్చితే కొంచెం గట్టిపడుతుంది, అది వంటవాడి తప్పు కాదు.

నచ్చకపోతే

ఉప్పు ఎక్కువైనా, మాంసం ఉడకకపోయినా, చల్లబడి వచ్చినా రెండు ముద్దలు తినగానే చెప్పండి. సగం తిని చెబితే ఎవరైనా ఇబ్బంది పడతారు. "ఇది మాకు నచ్చలేదు, మార్చగలరా" అని మామూలు గొంతుతో అంటే చాలా చోట్ల వేరేది తెస్తారు లేదా బిల్లులోంచి తీసేస్తారు. రుచి కొత్తగా ఉండటం వేరు, వంట చెడటం వేరు. ఆ తేడా మీరే నిజాయితీగా చూసుకోవాలి. మాట వినని పరిస్థితి వస్తే మేనేజరును పిలవమనండి.

బిల్లు, బయలుదేరడం

బిల్లు అడిగితేనే తెస్తారు. తేలేదని నిర్లక్ష్యం అనుకోకండి, మిమ్మల్ని లేవమన్నట్టు ఉండకూడదని తేరు. రాగానే జేబులో చేయి పెట్టకుండా వరసగా చదవండి: తెప్పించుకున్నవి, వాటి సంఖ్య, నీళ్ల సీసాలు, సర్వీస్ చార్జీ, జీఎస్టీ శాతం. మద్యం తీసుకుంటే దాని మీద జీఎస్టీ ఉండదు, రాష్ట్ర పన్ను వేరే వరుసలో ఉంటుంది. యాప్ తగ్గింపు ఉంటే డబ్బు కట్టకముందే చూపించాలి. బిల్లు ఎవరు కట్టాలన్న పెనుగులాట మన ఇళ్లలో మామూలు. ఒకాయన కార్డు పెడతాడు, బావగారు లాగేస్తారు. ముందే తేల్చుకోలేకపోతే చేయి కడుక్కొనే నెపంతో లేచి కౌంటరు దగ్గర కట్టేయడం మర్యాదైన మార్గం.

సర్వీస్ చార్జీ లేకుంటే, వడ్డన నచ్చితే టిప్పు నగదుగా ఇవ్వండి. బిల్లులో 10 శాతానికి మించి ఇవ్వనవసరం లేదు, అంతకన్నా తక్కువైనా తప్పు లేదు. కారు కోసం బిల్లు కడుతున్నప్పుడే వాలే చీటీ ఇచ్చేస్తే బయట నిలబడే పని తప్పుతుంది.

రాత్రి భోజనమైతే అదే రాత్రి కర్నూలుకు తిరిగి బయలుదేరకండి. పదకొండుకు లేచి, కడుపు నిండి, చీకట్లో నాలుగు గంటలు నడపడం తెలివైన పని కాదు. ఎవరైనా మద్యం తీసుకుంటే వారి చేతికి తాళం ఇవ్వనే వద్దు. నగరంలో బంధువుల ఇంట్లోనో, మామూలు లాడ్జిలోనో ఉండి ఉదయం బయలుదేరండి.

మిగిలినవి కట్టించుకోవడానికి సిగ్గుపడకండి, డబ్బు కట్టింది మీరే. చాలా చోట్ల చక్కగా డబ్బాల్లో పెట్టి ఇస్తారు, బఫే అయితే మాత్రం ఇవ్వరు. ఎండాకాలం నాలుగు గంటల కారు ప్రయాణంలో మాంసం, చేప, క్రీము తీపి చెడిపోతాయి. రొట్టెలు, పొడి తీపి కట్టించుకోండి, కూరలు హైదరాబాదు బంధువుల ఇంట్లో దించేసి రండి.